12 బోరు తుపాకీలో స్లగ్: కొలత చూసుకోవడం, గురి పరీక్షించుకోవడం

విశాఖపట్నంలో లైసెన్సు తుపాకీ ఉన్న ఇళ్లలో ఎక్కువగా కనిపించేది 12 బోరు రెండు గొట్టాల తుపాకీయే. కొందరికి అది తాతల నాటి నుంచి వచ్చింది. మరికొందరు సైన్యంలోనో నౌకాదళంలోనో పనిచేసి వచ్చి, బ్యాంకు కాపలా ఉద్యోగం కోసం కొనుక్కున్నారు. వీరిలో చాలామంది దుకాణంలో మామూలు రవ్వల తూటాలతో పాటు, లోపల ఒకే ఒక్క సీసపు గుండు ఉండే తూటాలను కూడా ‘బాల్’ అని అడిగి తెచ్చుకుంటారు. ఆ ఒంటి గుండునే స్లగ్ అంటారు. నౌకాదళంలో ఆయుధాల మరమ్మతు విభాగంలో చాలా ఏళ్లు పనిచేసినవాణ్ని కనుక, తోటి మాజీ సైనికులు నన్ను తరచూ ఒక ప్రశ్న అడుగుతుంటారు: “అన్నా, పెట్టె మీద 12 అని ఉంది, తుపాకీ మీదా 12 అనే ఉంది, ఇంకేం చూడాలి?” చూడవలసినది చాలా ఉంది. గొట్టం లోపలి కొలత, మూతి దగ్గరి బిగింపు, తూటా కూర్చునే వెనుక భాగమైన చాంబరు పొడవు అనే మూడింటినీ కొలిచి తెలుసుకుని, ఆ తర్వాత అదే తుపాకీతో కాగితం మీద కాల్చి చూసుకున్నవారికే తమ స్లగ్ ఎక్కడ తగులుతుందో తెలుస్తుంది. పెట్టె మీది అంకె ఆ పని చేయలేదు.

ముందుగా ఆ 12 అనే అంకె ఎక్కడిదో తెలుసుకోవాలి. ఒక పౌను స్వచ్ఛమైన సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా చేస్తే, అందులో ఒక్కో గుండు ఎంత మందం ఉంటుందో అంతే వ్యాసం గల గొట్టాన్ని 12 బోరు అన్నారు. పౌను అంటే 453.6 గ్రాములు, కాబట్టి ఒక్కో గుండు 37.8 గ్రాములు తూగుతుంది. సీసం ఘన సెంటీమీటరుకు 11.34 గ్రాములు ఉంటుంది కనుక ఆ గుండు వ్యాసం 18.5 మి.మీ. వస్తుంది. చేతికి తెలియాలంటే మన ఫిషింగ్ హార్బర్ దగ్గర వలల సామాను అమ్మే కొట్లలో వలకు కట్టే సీసం బిళ్లలను ఓసారి అరచేతిలో వేసుకుని చూడండి. దాదాపు 38 గ్రాముల సీసం అంటే ఎంత చిన్నదో, చిన్నదైనా చేతిని ఎలా కిందికి లాగుతుందో అర్థమవుతుంది. (ఆ సీసాన్ని కరిగించి ఇంట్లో గుండ్లు పోసుకోవచ్చునా అని అడిగేవారూ ఉన్నారు. తూటాలు తయారు చేయడానికి వేరే లైసెన్సు కావాలి. తుపాకీ ఉంచుకునే లైసెన్సు అందుకు పనికిరాదు.) ఇదే లెక్కన 16 బోరు 16.8 మి.మీ., 20 బోరు 15.6 మి.మీ. అవుతాయి. అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుందన్నమాట. .410 మాత్రం ఈ లెక్కలోకి రాదు. అది నేరుగా అంగుళాల్లో చెప్పిన వ్యాసం, అంటే 10.4 మి.మీ.

అయితే 18.5 అనేది పుస్తకంలోని కొలత. అసలు గొట్టాలు దీనికి అటూ ఇటూగా ఉంటాయి. పాత ఇంగ్లీషు తుపాకుల గొట్టాల అడుగున 12, 12/1, 13/1, 13 అనే గుర్తులలో ఏదో ఒకటి కొట్టి ఉంటుంది. 12 అంటే 18.5 మి.మీ., 12/1 అంటే 18.8, 13/1 అంటే 18.3, 13 అంటే 18.0. వీటన్నిటినీ బజారులో 12 బోరు తుపాకులనే అమ్మారు, అన్నిటిలోనూ ఒకే తూటా దూరుతుంది. కానీ 18.0 గొట్టంలో బిగుతుగా నడిచే స్లగ్, 18.8 గొట్టంలో వదులుగా ఊగుతూ బయటికి వస్తుంది. రవ్వల తూటాలో ఈ తేడా పెద్దగా తెలియదు, ఎందుకంటే వందల రవ్వలు ఎలాగూ విచ్చుకుంటాయి. ఒక్క గుండు మీదనే గురి అంతా ఆధారపడినప్పుడు మాత్రం అర మిల్లీమీటరు కూడా లెక్కలోకి వస్తుంది.

ఇక స్లగ్ సంగతి. మన తుపాకుల గొట్టాలు నున్నగా ఉంటాయి. రైఫిలులో ఉన్నట్లు గుండును తిప్పే గాడులు వాటిలో ఉండవు. తిరగని గుండు గాలిలో పల్టీలు కొట్టకుండా ముందుకు పోవాలంటే బరువంతా ముందు భాగంలో ఉండాలి. బ్యాడ్మింటన్ కాక్‌ను ఎలా కొట్టినా బెండు వైపే ముందుకు తిరిగినట్లుగా ఇదీ ఉంటుంది. ఈ సూత్రాన్ని జర్మనీలో విల్హెల్మ్ బ్రెనెకే 1898లో ఒక విధంగా సాధించాడు. ఆయన గట్టి సీసపు గుండుకు వెనుక తేలికైన దిమ్మను మరతో బిగించి, అది గుండుతో పాటే ఎగిరేటట్లు చేశాడు. అమెరికాలో కార్ల్ ఫాస్టర్ 1931లో మరో దారి పట్టాడు. గుండు వెనుక భాగాన్ని గుల్లగా, అంగుస్తానా ఆకారంలో పోసి, బరువును ముక్కు వైపు ఉంచాడు. ఈ రెండు రకాల మీదా ఏటవాలు గీరలు ఉంటాయి. ఆ గీరలే గుండును తిప్పుతాయని చాలామంది నమ్ముతారు. తిప్పేది చాలా స్వల్పం. వాటి అసలు ఉపయోగం వేరు: మూతి దగ్గర గొట్టం ఇరుకైనప్పుడు గీరల మధ్య ఖాళీలోకి సీసం నలిగి జరుగుతుంది కాబట్టి, గుండు సులువుగా దాటిపోతుంది. మూడో రకం సాబో స్లగ్. ఇందులో సుమారు 12.7 మి.మీ. మందం ఉన్న సన్నని గుండును ప్లాస్టిక్ తొడుగులో పెడతారు. ఇది గాడులున్న గొట్టం కోసం చేసినది. నున్నటి గొట్టంలో దానికి కావలసిన తిప్పుడు దొరకదు కనుక మూడింతల ధర పెట్టి కొన్నా గురి చెడుతుందే తప్ప మెరుగుపడదు. మన తుపాకీలకు మొదటి రెండు రకాలే సరైనవి.

బరువు విషయంలో 12 బోరు స్లగ్‌లు ఎక్కువగా ఒక ఔన్సు, అంటే 28 గ్రాములు ఉంటాయి. 25 గ్రాములవీ, 32 గ్రాములవీ కూడా దొరుకుతాయి. పూర్తి గుండ్రటి 37.8 గ్రాముల బంతి కంటే ఇవన్నీ తేలిక, అలాగే గొట్టం కంటే కొద్దిగా సన్నగా ఉండేటట్లు చేస్తారు. ఫాస్టర్ రకంలో పేలుడు ఒత్తిడికి వెనుక గుల్ల కాస్త విచ్చుకుని గొట్టానికి ఆనుకుంటుంది. ఎంత సన్నగా ఉండాలన్నది తయారీదారుకొక తీరుగా ఉంటుంది. ఒక తుపాకీలో బాగా పనిచేసిన కంపెనీ తూటా పక్కింటి తుపాకీలో సరిగా పోకపోవడానికి ఇదే మొదటి కారణం.

ఇప్పుడు కొలవడం ఎలాగో చూద్దాం. తుపాకీని మధ్యలో మడిచి తెరిచి, రెండు చాంబర్లూ ఖాళీగా ఉన్నాయని కంటితో ఒకసారి, వేలితో ఒకసారి చూసుకోండి. గొట్టాలను చెక్క నుంచి విడదీసి, మెత్తని గుడ్డ మీద పెట్టండి. డిజిటల్ వర్నియర్ కాలిపర్ లోకొలత కొక్కేలను మూతిలోకి దించి, కొద్దిగా అటూ ఇటూ కదిపి, గరిష్ఠంగా వచ్చిన అంకెను రాసుకోండి. కాలిపర్‌ను తొంభై డిగ్రీలు తిప్పి మళ్లీ కొలవండి. రెండు అంకెలకూ తేడా వస్తే మూతి ఎక్కడో దెబ్బతిని గుండ్రదనం పోయిందని అర్థం. నా తుపాకీలో కుడి గొట్టం మూతి 18.1, ఎడమది 17.6 వచ్చాయి. గొట్టం మధ్యభాగం 18.5 అనుకుంటే కుడివైపు 0.4, ఎడమవైపు 0.9 మి.మీ. బిగింపు ఉందన్నమాట. దీన్నే చోక్ అంటారు. బిగింపు అసలు లేకపోతే సిలిండర్, పావు మిల్లీమీటరు ఉంటే ఇంప్రూవ్డ్ సిలిండర్, అర మిల్లీమీటరు ఉంటే మాడిఫైడ్, 0.9 నుంచి 1 మి.మీ. వరకు ఉంటే ఫుల్ చోక్ అని స్థూలంగా చెప్పుకోవచ్చు. రెండు గొట్టాల తుపాకుల్లో ముందు ట్రిగ్గరుతో పేలే కుడి గొట్టానికి బిగింపు తక్కువ, ఎడమ గొట్టానికి ఎక్కువ ఉండడం ఆనవాయితీ. స్లగ్‌కు బాగా నప్పేవి సిలిండర్, ఇంప్రూవ్డ్ సిలిండర్. మాడిఫైడ్ కూడా ఫరవాలేదు. ఫుల్ చోక్‌లోంచి మెత్తని గీరల స్లగ్ దాటవచ్చు గానీ నలిగి బయటికి వస్తుంది, గురి తరచుగా చెడుతుంది. గీరలు లేని గుండ్రటి గట్టి బంతిని మాత్రం ఫుల్ చోక్‌లో ఎన్నడూ వాడకూడదు. ఇరుకులో అది ఇరుక్కుంటే గొట్టం ఉబ్బవచ్చు, చీలవచ్చు. కాలిపర్ మూతి దగ్గరే కొలుస్తుందని మరవవద్దు. గొట్టం లోపలి అసలు వ్యాసాన్ని వెనుక నుంచి 9 అంగుళాల లోతున బోర్ గేజితో కొలవాలి. ఆ పరికరం లైసెన్సు ఉన్న తుపాకీ మరమ్మతుదారు దగ్గర ఉంటుంది.

పాత తుపాకుల విషయంలో ఇక్కడ కొంచెం ఆగాలి. భీమునిపట్నం వైపు ఉండే మా మిత్రుడొకరు తాతగారి తుపాకీని చూడమని లైసెన్సు పుస్తకంతో సహా తెచ్చారు. గొట్టాలను విడదీసి, అడుగున పేరుకున్న నల్లటి నూనె జిడ్డును కిరసనాయిలు గుడ్డతో తుడుస్తుంటే మూడు ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి: ‘నాట్ ఫర్ బాల్’. బాల్ వేయడానికి కాదు అని దాని అర్థం. 1875 నుంచి 1887 వరకు ఇంగ్లండ్‌లో గొట్టాల బలాన్ని పరీక్షించే ప్రూఫ్ హౌసులు చోక్ ఉన్న గొట్టాల మీద ఈ ముద్ర వేసేవి. ఆ తుపాకీ కోసం ఆయన జేబులో తెచ్చుకున్నవి స్లగ్ తూటాలే. అమ్మిన దుకాణదారు గొట్టం అడుగు చూడలేదు, ఈయనకు చూడాలని తెలియదు. అంత పాత గొట్టాలు, ముఖ్యంగా అలల మాదిరి చారలు కనిపించే డమాస్కస్ గొట్టాలు, నేటి స్లగ్ తూటాల ఒత్తిడి కోసం చేసినవి కావు. అలాంటి తుపాకీని శుభ్రం చేసి, నూనె రాసి, జ్ఞాపకంగా దాచుకోవడమే దానికి మనమిచ్చే మర్యాద.

చాంబరు పొడవు కూడా ఇంతే ముఖ్యం. పాత ఇంగ్లీషు తుపాకుల చాంబర్లు చాలావరకు 65 మి.మీ., అంటే రెండున్నర అంగుళాలు. ఇప్పుడు మామూలుగా దొరికే తూటాలు 70 మి.మీ.వి. ఈ 70 అన్నది పేలి, మడత విచ్చుకున్న తర్వాతి పొడవు. పేలని తూటా అంతకంటే పొట్టిగా ఉంటుంది కాబట్టి 65 చాంబరులో హాయిగా కూర్చుంటుంది, తుపాకీ మూసుకుంటుంది, ఏ తేడా తెలియదు. పేలినప్పుడు మాత్రం విచ్చుకున్న మూతి అంచు ముందున్న ఇరుకులోకి చొచ్చుకుని, గుండు దారిని బిగించి, ఒత్తిడిని ప్రమాదకరంగా పెంచుతుంది. ఇంట్లో స్థూలంగా తెలుసుకోవాలంటే 19 మి.మీ. వెడల్పున్న ఆరంగుళాల స్టీలు స్కేలును ఖాళీ చాంబరులోకి నెమ్మదిగా జార్చండి. చాంబరు దాటాక గొట్టం సన్నబడే చోట అది తట్టుకుని ఆగుతుంది. స్కేలు ఆ ఇరుకులోకి కొంత దూరి ఆగుతుంది కాబట్టి చాంబరు అసలు పొడవు ఆగిన చోటి అంకె కంటే తక్కువే ఉంటుంది. అందుకే ఆ అంకె ఎంత వచ్చినా, మరమ్మతుదారుతో సరిగా కొలిపించుకునేదాకా 70 తూటాల జోలికి పోవద్దు.

కొలతలన్నీ సరిపోయాక కాగితం మీద పరీక్ష. దీన్ని లైసెన్సు ఉన్న రేంజిలో, రేంజి అధికారి అనుమతితోనే చేయాలి. మట్టి పళ్లేలను ఎగరేసి కాల్చే ట్రాప్, స్కీట్ రేంజిలు 24 గ్రాముల సన్న రవ్వల తూటాల కోసం కట్టినవి. రవ్వలు కొద్ది దూరంలోనే రాలిపోతాయి, స్లగ్ వందల మీటర్లు పోతుంది. అందుకే వెనుక ఎత్తైన మట్టికట్ట ఉందా, స్లగ్‌కు అనుమతి ఉందా అని ముందే అడగాలి. ఊరి బయట తోటలోనో, కొండవాలులోనో ప్రయత్నించడం ఎంతమాత్రం తగదు. కంబాలకొండ అభయారణ్యం నగరానికి ఆనుకునే ఉంది, కొండల వెనుక ఎక్కడ చూసినా ఊళ్లున్నాయి. వేట 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

రేంజిలో కూర్చుని కాల్చండి. ముంజేతి కింద, తుపాకీ ముందు చెక్క కింద ఇసుక సంచి పెట్టుకోండి. గొట్టాన్ని మాత్రం నేరుగా సంచి మీద ఆనించవద్దు. అలా చేస్తే పేలినప్పుడు గొట్టం పైకి తుళ్లి గుండు ఎత్తుకు పోతుంది. మొదట 25 మీటర్ల దగ్గర ఒక్కో గొట్టానికి ఒక్కో కాగితం పెట్టి, గుండు కాగితం మీద పడుతోందని నిర్ధారించుకున్నాకే 50 మీటర్లకు వెళ్లండి. గొట్టానికి ఐదేసి దెబ్బలు, దెబ్బకూ దెబ్బకూ నడుమ రెండు మూడు నిమిషాల విరామం ఉండాలి. మూడు దెబ్బలతో సరిపెట్టుకుంటే అదృష్టవశాత్తు దగ్గరగా పడిన మూడింటిని చూసి మోసపోతాం. నేనూ మొదట అలాగే మోసపోయి, మరుసటి నెల అదే తుపాకీతో కాల్చినప్పుడు గుండ్లు చెల్లాచెదురైతే తప్పు తూటాది అనుకున్నాను. ఐదు పడ్డాక అన్నిటికంటే దూరంగా ఉన్న రెండు రంధ్రాల కేంద్రాల మధ్య దూరాన్ని కొలవండి. అదే మీ గ్రూపు. ముందు పూస తప్ప గురి చూసే వేరే అమరిక (సైటు) లేని నున్నటి గొట్టానికి 50 మీటర్ల దగ్గర 10 నుంచి 15 సెం.మీ. వస్తే అది మంచి ఫలితం.

ఎందుకు అంతకంటే తగ్గదో లెక్క వేసి చూడవచ్చు. గొట్టం చివరి పూస 3 మి.మీ. ఉండి, కంటికి మీటరు దూరంలో ఉంటే, 50 మీటర్ల దగ్గర అది 15 సెం.మీ. మేర లక్ష్యాన్ని కప్పేస్తుంది. చెంప చెక్కకు సరిగా ఆనక కన్ను 2 మి.మీ. పైకి లేచిందంటే, గుండు 10 సెం.మీ. ఎత్తున పడుతుంది. రవ్వలు కాల్చేటప్పుడు తుపాకీయే వేలు చూపినట్లు పని చేస్తుంది, స్లగ్‌కు మాత్రం ప్రతిసారీ చెంప ఒకే చోట, ఒకే ఒత్తిడితో ఆనాలి. దీనికి తోడు పేలినప్పుడు తుపాకీ భుజాన్ని వెనక్కి కొట్టే దెబ్బ, అంటే తన్ను, స్లగ్‌తో చాలా గట్టిగా ఉంటుంది. 28 గ్రాముల గుండు సెకనుకు 480 మీటర్ల వేగంతో బయలుదేరితే దాని శక్తి 3,200 జౌళ్లకు పైమాటే. రెండు మూడు దెబ్బల తర్వాత భుజం ముందుగానే బిగుసుకుని, ట్రిగ్గరు నొక్కే క్షణంలో మూతి కిందికి వంగడం మొదలవుతుంది. ఇది మీలో ఉందో లేదో తెలియాలంటే, పక్కనున్న మిత్రుణ్ని ఒకసారి పేలని డమ్మీ తూటాను, ఒకసారి అసలు తూటాను మీకు తెలియకుండా పెట్టమనండి. డమ్మీ ఉన్నప్పుడు మూతి కిందికి దూకితే లోపం తుపాకీది కాదు, తూటాదీ కాదు.

రెండు గొట్టాల తుపాకీకి మరో చిక్కు ఉంది. గొట్టాలు పక్కపక్కనే ఉన్నా సమాంతరంగా ఉండవు. సుమారు 35 నుంచి 40 మీటర్ల దగ్గర రెండింటి రవ్వలూ ఒకే చోట పడేలా మూతులను కొద్దిగా లోపలికి వంచి అతికిస్తారు. ఈ అమరిక ఒక బరువు, ఒక వేగం ఉన్న రవ్వల తూటాను బట్టి చేసినది. స్లగ్ వేగమూ తన్నూ వేరు కనుక రెండు గొట్టాల గుండ్లు వేర్వేరు చోట్ల పడతాయి, ఒక్కోసారి ఎడమ గొట్టం గుండు కుడివైపుకు కూడా దాటుతుంది. నా తుపాకీలో 50 మీటర్ల దగ్గర కుడి గొట్టం గ్రూపు 13 సెం.మీ., ఎడమది 24 సెం.మీ. పైగా ఎడమది గురిపెట్టిన చోటికి ఒక జానెడు కుడికి పడింది. అందువల్ల స్లగ్ ఎప్పుడూ కుడి గొట్టంలోనే వేయాలని నిర్ణయించుకున్నాను. మీ తుపాకీలో ఇది తారుమారు కావచ్చు. తెలుసుకోవడానికి 25 మీటర్ల దెబ్బలు కాక పది తూటాలు ఖర్చవుతాయి. లైసెన్సులో తూటాలకు పరిమితి ఉంటుంది కనుక ఆ పదింటిని ఒకే కంపెనీవి, ఒకే బరువువి, వీలైతే ఒకే పెట్టెలోవి తీసుకోండి.

దూరం విషయంలో ఆశపడవద్దు. మొద్దు ముక్కు స్లగ్‌ను గాలి బలంగా అడ్డుకుంటుంది. 480 మీటర్ల వేగం, 45 మీటర్లు పోయేసరికి 360కి, 90 మీటర్లు పోయేసరికి 300కు పడిపోతుంది. అంటే నడుమ ఎక్కడో ధ్వని వేగం కంటే కిందికి దిగుతుంది, ఆ దాటే చోట గుండు మరింత ఊగుతుంది. 50 మీటర్లకు సరిగా గురి కుదిరిన స్లగ్ 100 మీటర్ల దగ్గర 15 నుంచి 20 సెం.మీ. కిందికి పడుతుంది, గ్రూపు కూడా రెట్టింపు కంటే ఎక్కువగా విచ్చుకుంటుంది. నున్నటి గొట్టం, పూస సైటు ఉన్నంతవరకు స్లగ్‌కు 50 మీటర్లే హద్దని నా అభిప్రాయం.

కాల్చిన రోజునే గొట్టం శుభ్రం చేయాలి. స్లగ్ సీసం గొట్టం గోడకు, ముఖ్యంగా చోక్ మొదలయ్యే చోట, సన్నని బూడిదరంగు పొరగా అంటుకుంటుంది. గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూస్తే అద్దంలా మెరిసే చోట మబ్బు చారలుగా కనిపిస్తుంది. కంచు బ్రష్షుకు సాల్వెంట్ తడిపి, వెనుక నుంచి మూతి వైపు పదిసార్లు నడిపి, తెల్లటి గుడ్డ శుభ్రంగా వచ్చేదాకా తుడవండి. ఆ పొర అలాగే ఉండిపోతే కొలిచిన కొలతే మారిపోతుంది, గ్రూపు క్రమంగా విచ్చుకుంటుంది. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి, సీసం ఒంట్లోకి పోకూడదు. వాల్తేరులో సముద్రం వైపు కిటికీ చువ్వలు ఏడాది తిరక్కుండానే ఎలా తుప్పు పడతాయో మనకు తెలుసు. తుపాకీ ఉక్కుకూ అదే ఉప్పుగాలి తగులుతుంది. పలచగా నూనె రాయండి, తిరిగి కాల్చే ముందు మాత్రం గొట్టం లోపలి నూనెను పూర్తిగా తుడిచేయండి. తూటాలను సిలికా జెల్ సంచితో గాలి చొరబడని డబ్బాలో, తుపాకీకి వేరుగా, తాళం వేసి ఉంచండి. ఇత్తడి అడుగు మీద పచ్చటి చిలుము పట్టినవి, కాగితం ఒళ్లు ఉబ్బినవి వాడకుండా పక్కన పెట్టి, లైసెన్సు ఉన్న దుకాణదారుకు అప్పగించండి.

చివరగా, కాల్చిన కాగితాన్ని పారేయవద్దు. దాని మూలన తేదీ, ఏ గొట్టం, మూతి కొలత, తూటా కంపెనీ, బరువు, పెట్టె మీది లాటు నంబరు, దూరం, గ్రూపు కొలత, గురిపెట్టిన చోటికి ఎటువైపు ఎంత తప్పిందీ రాసి, మడిచి, లైసెన్సు పుస్తకం పెట్టే కవరులోనే ఉంచండి. తూటా కంపెనీ మారినా, లాటు మారినా కొత్త కాగితం తీసుకుని 25 మీటర్ల నుంచి మళ్లీ మొదలుపెట్టండి.